రాయి పెట్టిన కర్ర

మా ఇంటి మేడమెట్ల కింద ఒకప్పుడు మా బావ స్కూటరు ఉండేది. ఆయన రిటైరయ్యాక స్కూటరు ఎండలోకి వెళ్ళింది, దాని చోటులోకి సముద్రం కక్కిన చెత్తంతా వచ్చి చేరింది. అప్పుడు చెత్త అనే అనేదాన్ని, ఇప్పుడు మాట మార్చను. సరుగుడు మొద్దులు, తాటి దుంగ ముక్కలు, ఏ ఏటి వరదలోంచో కొట్టుకొచ్చిన చెట్టు వేళ్ళు, తెగిన వలతాళ్ళు, వలలకి కట్టే బెండ్లు, అరిగి గుండ్రమైన సీసా పెంకులు, జత లేని చెప్పులు. కూర్మన్నపాలెంలో అందరి మేడల మీదా ఉక్కు ప్లాంటు నల్లదుమ్ము పడుతుంది. మా ఇంట్లో దానికి తోడు ఇసుక. రోజూ ఊడ్చేది నేను. ఊడ్చే మనిషికి కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఆయన నాకు మేనబావ. మాది పద్మనాభం పక్క పల్లె, వరి చేలల్లో పెరిగినదాన్ని. చిన్నప్పుడు బావా అని పిలిచిన నోటితోనే పెళ్ళయ్యాకా పిలిచాను. ఆయన మాత్రం నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఓలే" అనేవాడు, అంతే. గేటు దగ్గర స్కూటరు ఆపి ఒక ఓలే, తువ్వాలు కోసం ఒక ఓలే, కూరలో ఉప్పు తక్కువైతే ఒక ఓలే. దేనికి పిలుస్తున్నాడో ఆ ఒక్క మాట సాగదీసిన తీరులోనే నాకు తెలిసిపోయేది. పేరుందిగా నాకు, పేరు పెట్టి పిలవరాదా అని చాలాసార్లు దెబ్బలాడాను.

ప్లాంటులో ఆయన రిగ్గర్. పాతవాళ్ళు ఖలాసీ అంటారు. క్రేన్ ఎత్తే బరువులకి వైరుతాళ్ళు వేసి కట్టడం, కింద నిలబడి పైనున్న క్రేన్ డ్రైవరుకి చేత్తో సైగలు చేయడం ఆయన పని. ఎంత బరువుకైనా పట్టుకోవలసిన చోటు ఒకటి ఉంటుంది, అది దొరికితే ఒరగకుండా లేస్తుంది అనేవాడు. రిటైరయ్యాక కర్రలతోనూ అదే ధ్యాస. ఒక కర్రని పురికొసతో కట్టి వేలాడదీసి, ఎటు ఒరుగుతోందో చూసి, ముడిని కాస్త జరిపి, మళ్ళీ చూసేవాడు. అది నిలిచాక దాని కొసకి ఇంకోటి, దాని కొసకి మరోటి. గాలి వీస్తే అన్నీ దేనికది తిరిగేవి, ఒకదాన్నొకటి తాకేవి కావు. ఒక్క మేకు కొట్టేవాడు కాదు. బతుకంతా ఇనుము మధ్య గడిపిన మనిషి, ఈ కర్రకి ఇనుము పడదు, ఉప్పు తినేస్తుంది అనేవాడు.

తెచ్చిన కర్రని ముందు మంచినీళ్ళలో నానబెట్టాలి, ఉప్పు దిగడానికి. వారాల తరబడి, నీళ్ళు మారుస్తూ. కుళాయి వచ్చే వేళకి నేను బిందెలు పెట్టుకుని కూర్చుంటే, నా పెద్ద డ్రమ్ములో ఆయనగారి చెట్టు వేరు హాయిగా స్నానం చేస్తూ ఉండేది. ఆ డ్రమ్ము గురించి మేం పడ్డ గొడవలు మా వీధిలో చెవిటివాళ్ళకి కూడా తెలుసు. ఆ కర్రలతో చివరికి ఏం చేస్తావు అని అడిగితే, మేడమెట్ల పైనుంచి కింద దాకా ఒకే తాడుకి వేలాడేదొకటి చేస్తాను, చూడు అన్నాడు. సగం దాకా వచ్చింది కూడా.

ఒకరోజు పొద్దున్న పళ్ళు తోముకుంటూ వాష్‌బేసిన్ దగ్గరే పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. ఆసుపత్రిలో చాలా రోజులున్నాం. కాలు మెల్లగా కొంత తిరిగొచ్చింది, చేతికర్ర పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేటంత. చెయ్యి రాలేదు, మాట రాలేదు. మెదడులో మాట పుట్టే చోటు ఒక్కటే కాదమ్మా, మాట అర్థమయ్యే చోటు కూడా దెబ్బతింది అని డాక్టరు చెప్పాడు. నన్ను గుర్తుపడుతున్నాడా అని అడిగాను. చెప్పలేం, చూద్దాం అన్నాడు.

చూద్దాం అన్న ఆ మాటతో నేను ఏడాది దాటి బతికాను. అన్నం కలిపి పెడితే తినేవాడు. నర్సు పెట్టినా అలాగే తినేవాడు. స్నానం చేయిస్తే చేయించుకునేవాడు. తల దువ్వుతూ మొహంలోకి మొహం పెట్టి చూస్తే ఆయన కళ్ళు నా చెవి పక్కనుంచి గోడ మీదికి పోయేవి. "బావా, నానెవుల్ని?" అని రోజూ అడిగేదాన్ని. ముందు ఆశతో అడిగాను, తరవాత అలవాటుగా అడిగాను, కొన్నాళ్ళకి కోపంగా అడిగాను. మంచాన పడ్డ మనిషి మీద కోపమేమిటని ఎవరైనా అనవచ్చు. నాకు వచ్చింది, ఏం చేయను? నన్ను ఎరిగిన మనిషి లోకంలో ఆ ఒక్కడే. ఆ ఎరుక ఆయనలో ఉందో పోయిందో తెలియకుండా రోజు గడపడం ఎలా ఉంటుందో చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

మా అమ్మాయి అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. షిఫ్టు దిగి వచ్చి నాన్న కాళ్ళకి నూనె రాస్తూ, నాన్నని బీచ్‌కి తీసుకెళ్ళు అంది. ఇసకలో నడవలేడే అన్నాను. నడవక్కర్లేదు, కూర్చోబెట్టు అంది. మాకు తెలిసిన ఆటో ఆయన ఉన్నాడు, వన్‌టౌన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన సాయిబు. మా బావ కర్రలన్నీ మోసింది అతని ఆటోనే. సీటు మీద గోనెసంచులు పరచి, గొణుక్కుంటూ మోసేవాడు. ఈసారి గొణగలేదు. అప్పికొండ ఒడ్డుకి తీసుకెళ్ళి, ఆయన్ని చంకల కింద పట్టి దించి, ఇసకలో కూరుకుపోయిన ఒక తాటిదుంగ మీద కూర్చోబెట్టాడు.

మొదటి రోజుల్లో ఏమీ జరగలేదు. ఆయన సముద్రాన్ని చూసేవాడు, నేను ఆయన్ని చూసేదాన్ని. ఒక సాయంత్రం మాత్రం ఎడమకాలితో ఇసకలోంచి ఏదో గెలుకుతున్నాడు. వెళ్ళి చూస్తే మోచెయ్యి వంపులా వంగిన కర్ర, నున్నగా, బూడిదరంగులో. దాన్ని వదలకుండా ఎడమచేత్తో పట్టుకుని ఇంటి దాకా వచ్చాడు. నా సంబరం చెప్పలేను. ఆ కర్రకి ఏ లోటూ రాకూడదనుకున్నాను. వారాలపాటు డ్రమ్ములో నానబెట్టాను, నా డ్రమ్ములో, నా చేతులతో నీళ్ళు మార్చి. నానాక తీసుకెళ్ళి మేడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాను.

వడ్లయినా, చింతపండయినా, వడియాలయినా మా ఇళ్ళల్లో తడి వస్తువుకి ఒకటే మందు, ఎండ. ఎంత ఎండ తగిలితే అంత మంచిది. పల్లెలో పుట్టిన మనిషికి ఇంకో ఆలోచన రాదు. మర్నాటికి కర్ర నడిమికి నిలువునా పగిలింది. తీసుకొచ్చి ఆయనకి చూపించాను. చూశాడు. చూసి అరిచాడు.

మాట కాదు అది. గొంతులోంచి వచ్చిన పెద్ద కేక. ఎడమచేత్తో మంచం పట్టెని కొట్టి, కర్రని లాక్కుని, పగుల్లో వేలు పెట్టి నా వైపు చూపించి మళ్ళీ అరిచాడు. తరవాత మేడమెట్ల వైపు వేలు చూపించాడు. అప్పుడు నాకు వెలిగింది. ఇన్నేళ్ళూ ఆయన కర్రల్ని మెట్ల కింద పెట్టింది చోటు లేక కాదు, నీడకి. సముద్రపు కర్రని నీడలో, గాలి ఆడే చోట, నెమ్మదిగా ఆరనివ్వాలి. నేను వడియాల్లా ఎండబెట్టేశాను.

అమ్మాయి ఏడుస్తూ నవ్వింది, నాన్న తిడుతున్నాడమ్మా అంది. నేనూ నవ్వాను. వంటింట్లోకి వెళ్ళాక మాత్రం ఆ నవ్వు నిలవలేదు. పగిలింది కర్ర అని ఆయనకి తెలుసు. ఎండలో పెట్టకూడదని తెలుసు. ఆ పని చేసిన మనిషి ఎవరో తెలుసా? ఏ పనిమనిషో పాడుచేసినా అలాగే అరిచేవాడా? ముప్పై ఏళ్ళు పైగా కాపురం చేసి, ఒక ఎండుకర్రకి సవతినయ్యానని నా మీద నాకే అసహ్యమేసింది.

అయినా వెళ్ళడం మానలేదు. ఆ కేక ఇంకోసారి వినాలని వెళ్ళేదాన్ని. ఆయన తాటిదుంగ మీద కూర్చుని వేలు చూపించేవాడు, నేను తెచ్చి చూపించేదాన్ని. వద్దంటే మొహం తిప్పేసేవాడు. కావాలంటే ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇంటికొచ్చాక మెట్ల కింద కుర్చీ వేసి కూర్చోబెడితే, సగంలో ఆగిపోయిన ఆ వేలాడే దాన్ని తలెత్తి చూస్తూ ఉండేవాడు. సరే, నేనే కడదామనుకున్నాను. స్టూలెక్కి ఒక కర్ర కట్టబోయాను. ఆయన ఎడమచేతి వేలు కిందికి చూపించి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. నన్ను దిగి పొమ్మంటున్నాడనుకున్నాను. దిగాను. ఇంకా విసురుగా తిప్పాడు. వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కణ్ణించి మళ్ళీ కేక.

సంగతి కనిపెట్టింది అమ్మాయి.

"నాన్న నిన్ను పొమ్మనడం లేదమ్మా. అది క్రేన్ సైగ. మా లోడింగ్ దగ్గర కూడా ఇలాగే సేత్తారు. ఆ కర్రని కిందికి దించమంటన్నాడు."

వేలు పైకి చూపి తిప్పితే ఎత్తు. కిందికి చూపి తిప్పితే దించు. పిడికిలి బిగిస్తే ఆగు. ఇంతే. మాట పోయిన మనిషి దగ్గర ఇంత భాష మిగిలి ఉందని ఏ డాక్టరూ చెప్పలేదు. ఆ రోజునుంచి నేను ఆయనకి క్రేన్‌నయ్యాను. ఎత్తమంటే ఎత్తాను, దించమంటే దించాను, పిడికిలి బిగిస్తే ఊపిరి కూడా బిగపట్టి నిలబడ్డాను. ముడి ఎక్కడ పడాలో ఆయన చూపు చెప్పేది. ముడి వేసేటప్పుడు కర్ర కదలకుండా ఆయన ఎడమచెయ్యి పట్టుకునేది, నా రెండు చేతులూ కట్టేవి. నేను పగలగొట్టిన ఆ వంపుకర్రని కూడా తెప్పించాడు. పగులు మధ్యలోంచి తాడు దూర్చి అన్నిటికంటే కింద కట్టించాడు. అది అక్కడ చక్కగా అమిరింది. ఒరగలేదు.

వీధిలో వాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు. చాలా మెరుగయ్యాడు కదా అన్నారు. నేను అవునన్నాను. ఆయనకి కావలసింది ఒక జత చేతులు, అవి నావి కావడం వల్ల ఆయనకి ఏమైనా తేడా ఉందో లేదో నాకు తెలియదని వాళ్ళతో ఎలా చెప్పను?

ఆ ఒడ్డు మీద నేనొక్కదాన్నే కాదు కర్రలేరేది. జాలరిపేట ముసలామె ఒకామె ఉండేది. అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. నడుం వంగిపోయినా మొద్దుల్ని ఈడ్చే బలం ఉండేది. ఆమెకి పొయ్యిలోకి కావాలి, నాకు మెట్ల కిందికి కావాలి. మా పరిచయం దెబ్బలాటతోనే మొదలైంది. అలలకి పైన, పొడి ఇసకలో మంచి సరుగుడు మొద్దు కనిపించింది. దాని మీద ఎవరో పెట్టినట్టు పిడికెడు రాయి ఉంది. రాయి పక్కకి తోసి మొద్దు చంకన పెట్టుకున్నాను. ఎక్కడో దూరాన ఉన్న మనిషి చీర పైకి దోపుకుని వచ్చిపడింది.

"రాయి సూడనేదేటమ్మా? కళ్ళు నేవా నీకు?"

రాయి చూశాను, దానికేం అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది.

"రాయుంటే దానికి మనిసున్నట్టు. ఇప్పుడు మొయ్యనేక ఎల్లినాను గానీ నాదే అని. రాయి ఎట్టినోలే వొచ్చి తియ్యాల. నా సొంత కొడుకైనా ముట్టుకోడు."

నాకు తెలియదప్పా అన్నాను. తెలియకపోతే మీ ఆయన్ని అడుగు, ఆయనకి తెలుసు అంది. ఆయనకి మాట లేదని అప్పుడు చెప్పాను. ఆమె తాటిదుంగ మీద కూర్చున్న మా బావ వైపు చాలాసేపు చూసింది. కోపమంతా దిగిపోయింది. ఆయన ఆ ఒడ్డు మీద ఎన్ని రాళ్ళు పెట్టాడో లెక్కలేదని, అందరూ చేతికందిన రాయి పెడితే ఆయన తెల్లరాయి వెతికి మరీ పెట్టేవాడని, తెల్లరాయి కనిపిస్తే ప్లాంటాయనది అని పేటలో అందరికీ తెలుసని చెప్పింది. వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చుని, బాగున్నావా బాబూ అంది. ఆయన సముద్రం వైపే చూశాడు. ఈమెనీ గుర్తుపట్టలేదు అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త ఊరట కలిగింది.

ఆ తరవాత మాకు బాగా కలిసింది. పొయ్యికి పనికిరాని వంకర వేళ్ళు ఆమె నాకు విడిచిపెట్టేది, తిన్నని మొద్దులు నేను ఆమెకి విడిచిపెట్టేదాన్ని. కర్రలు కాల్చుకోక తాళ్ళకి కట్టడమేమిటని నవ్వేది. నేనూ ఒకప్పుడు అదే అడిగానప్పా అనేదాన్ని. పొగాకు నములుతూ ఆయన పక్కన దుంగ మీద కూర్చునేది. ఇద్దరూ సముద్రాన్ని చూస్తూ కూర్చునేవారు, నేను ఇసకలో తిరిగేదాన్ని.

వానాకాలం వెళ్ళే ముందు తుపాను వచ్చి ఒడ్డంతా తిరగేసి పోయింది. గాలి తగ్గాక వెళితే మేం కూర్చునే దుంగకి కొంచెం అవతల పెద్ద చెట్టు వేరు పడి ఉంది. మొత్తం వేరుకుదురు, నా ఎత్తున ఉంది. మట్టి అంతా కడుక్కుపోయి, పాయలు పాయలుగా, అంత అందమైనది ఆ ఒడ్డు మీద నేను చూడలేదు. దాని మీద అప్పటికే రాయి ఉంది. నల్లరాయి, అప్ప మొద్దుల మీద రోజూ చూసినదే. పొయ్యికి పనికిరాదుగా, ఇది నాకే వదిలేస్తుందిలే అనుకుని ఆమె కోసం చూశాను. ఆ వేళ రాలేదు. తరవాతా రాలేదు. వారం గడిచాక, చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకామెని అడిగాను. జ్వరం వచ్చింది, పోయింది అని చెప్పింది. తిట్టి పరిచయమైన మనిషి, నవ్వుతూ పక్కన కూర్చున్న మనిషి, చెప్పాపెట్టకుండా పోయింది. పేరు కూడా నేను అడగలేదు.

మరి ఆ వేరు ఎవరిది అని అడిగాను. ఆమె చేపల మీద కాకుల్ని తోలుతూ, ఎట్టినోలే పోయాక ఇంకెవలు తీత్తారమ్మా, అది గంగమ్మదే అంది.

అది విన్నాను. విని కూడా, కొన్నాళ్ళు పోయినా ఆ వేరు మీద నా ఆశ చావలేదు. సముద్రం రోజూ ఇసక కోసుకుంటూ దాని దగ్గరికి వస్తోంది. మహా అయితే పౌర్ణమి ఆటుపోటుల దాకా ఉంటుంది, ఆ తరవాత పోతుంది. ముసలామె పైనుంచి వచ్చి తగువాడదు, అడిగే మనిషి లేడు, అంత మంచి వేరు నీళ్ళపాలు చేయడం ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను. మెట్ల కింద ఇంక చోటు లేదని, మేడ మీద పెడదామని కూడా అనుకున్నాను. ఆటో ఆయనకి పెద్ద తాడు తెమ్మని చెప్పాను. అతను బావని దుంగ మీద కూర్చోబెట్టి తాడు కోసం ఆటో దగ్గరికి వెళ్ళాడు. నేను వేరు దగ్గరికి వెళ్ళి, రాయి మీద చెయ్యి వేశాను.

వెనకనుంచి కేక వినబడింది. కర్రని వడియాల్లా ఎండబెట్టిన నాటి కేక కంటే పెద్దది. తిరిగి చూస్తే ఆయన లేచి నిలబడ్డాడు, చేతికర్ర లేకుండా. ఎడమచెయ్యి చాచి, పిడికిలి బిగించి. ఆగు.

ఆగాను. రాయి మీదనుంచి చెయ్యి తీశాను. తీశాక నాకు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు, ఏడాది పైగా లోపల కుక్కుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. ఆయన ముందుకి వెళ్ళి నిలబడ్డాను.

"ఆ ముసల్ది సచ్చిపోనాది. అయినా ఆ కర్ర దాన్దేనని నీకు తెల్సు. మరి నానో బావా? నానెవుల మనిసిని?"

ఆయన నా వైపు చూశాడు. కళ్ళు నా మొహం మీద కాసేపు ఆగి, పక్కకి పోయాయి. ఇంక చాలనుకున్నాను. దూరంగా వెళ్ళి ఇసకలో చతికిలబడ్డాను. మనసారా ఏడ్చాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు, ఉన్నా నాకు పట్టింపు లేదు. భర్త ఉండీ లేనిదాన్నని, ఆ మాట అందరి ముందూ అనలేనిదాన్నని, పోనీ లేడనుకుని ఏడవడానికైనా వీల్లేకుండా నా కళ్ళెదుటే కూర్చున్నాడని ఏడ్చాను. కొంగు జారి ఇసకలో పరుచుకుపోతే తీసుకోలేదు.

ఒకసారి తలెత్తితే ఆయన ఇంకా నా వైపు పిడికిలి బిగించి చూపిస్తున్నాడు. మొహం తిప్పేసుకున్నాను. అది బరువులతో మాట్లాడే భాష. నేను బరువుని కాను, క్రేన్‌ని కాను. కాసేపటికి ఇసకలో కాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. మళ్ళీ ఏదో కర్ర కోసం బయలుదేరాడనుకున్నాను. పడతాడేమోనని భయం వేసింది, అయినా లేవలేదు. పడనీ అని కూడా అనుకున్నాను. అంతగా విసిగిపోయి ఉన్నాను.

చప్పుడు కొంత దూరం వెళ్ళింది, ఆగింది, అటూ ఇటూ తిరిగింది, మళ్ళీ చాలాసేపు ఆగింది. తరవాత నా వైపు రావడం మొదలైంది. నేను సముద్రాన్నే చూస్తున్నాను. ఆయన నీడ నా ఒళ్ళో పడింది. చేతికర్ర దుంగ దగ్గరే ఉండిపోయింది, ఎడమచేతిలో ఇంకేదో ఉంది. నడుం వంచకూడదని వ్యాయామం చేయించే ఆయన గట్టిగా చెప్పాడు. వంగాడు. ఊగిపోతూ, ఒంటి కాలి మీద బరువంతా మోపి, కింద దాకా వంగి, ఇసకలో పరుచుకున్న నా కొంగు కొస మీద రాయి పెట్టాడు.

తెల్లరాయి. పెట్టి, అది దొర్లుతుందేమోనని వేలితో కాస్త జరిపాడు. నిలబడిందా లేదా అని చూశాడు. ఇంకొంచెం జరిపాడు. అప్పుడు నడుం ఎత్తి నిలబడి నన్ను చూశాడు. గోడని కాదు, సముద్రాన్ని కాదు, నన్ను. నానెవుల్ని అని నేను అడగలేదు. అడగవలసింది ఇంక మిగల్లేదు.

ఆటో ఆయన తాడు భుజాన వేసుకుని వచ్చాడు. మమ్మల్ని చూసి, వేరుని చూసి, తాడు అక్కరలేదని తనే గ్రహించినట్టు వెనక్కి తిరిగాడు. అల ఒకటి ఆ పెద్ద వేరు పాయల మధ్యకి వచ్చి వెళ్ళింది. అప్ప రాయి దాని మీద అలాగే ఉంది. పొద్దు వాలుతోంది, ఇంటికి చేరితే ఆయనకి మాత్ర వేసే వేళ, అమ్మాయి షిఫ్టు దిగి వచ్చే వేళ. దూరంగా ఆటో హారన్ మోగింది. లేవాలంటే కొంగు మీద రాయి ఉంది. పెట్టినవాళ్ళే వచ్చి తియ్యాలి. ఆయన తీసేదాకా నేను అలాగే కూర్చున్నాను.